తగ్గింపు సరే, చీటీ ఎవరు అడుగుతారు?

సంపాదకులకు,

మందుల చైన్ షాపులు పేదలకు మేలు చేశాయన్న మీ వ్యాసం సగమే నిజం. 2006లో హైదరాబాద్‌లోనే పుట్టిన మెడ్‌ప్లస్ లాంటివి వచ్చాక బిల్లు, తగ్గింపు మాకూ అందుతున్నాయి, కాదనను. కానీ మా శాలిబండలో ఒక షాపులో జ్వరంతో వచ్చిన ఆటో అన్నకు డాక్టరు చీటీ అడగకుండానే సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలిచ్చారు. అది షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి నుంచి డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మందు పరిమాణం రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. సగం కోర్సుతో క్రిములు మొండికేస్తే ఆ అన్న చేరేది ఉస్మానియా ఆసుపత్రిలోనే! అందుకే షాపులో రాత్రి కూడా ఫార్మసిస్టు ఉండాలి. మోతాదు ఉర్దూలోనూ చెప్పాలి. ఈ రెండూ జరుగుతున్నాయో లేదో ఔషధ నియంత్రణ అధికారులు వచ్చి చూడాలి.

– ఒక పాఠకురాలు, శాలిబండ