ఆ కాగితం మీద సంతకం ఎవరిది?

ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి, ఐఐటీ బొంబాయి కలిసి తయారుచేసిన కార్-టి చికిత్సను గురించి పేపర్లలో చాలాసార్లు చదివాం. దాని పేరు నెక్స్‌కార్19. 2023 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా ప్రారంభమైంది. అమెరికాలో 2017లో ఇలాంటి చికిత్సలు మార్కెట్లోకి వచ్చినప్పుడు మందు ధర ఒక్కటే మూడున్నర లక్షల డాలర్లు దాటింది. అదిక్కడ సుమారు 40 లక్షల రూపాయలకు దిగింది. సంతోషించాం, సంతోషించాల్సిందే. అయితే ఆ వార్తల్లో ఒక సంగతిని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అనుమతి రాకముందే కొంతమంది రోగులు ఈ చికిత్సను తమ ఒంటిమీద చేయనిచ్చారు. వాళ్లు ఒప్పుకోకపోతే ఈ మందే లేదు. ఆ ఒప్పుకోవడం ఎలా జరుగుతుంది? రేపు మన ఇళ్లలో ఒక ఆడమనిషికి అలాంటి కాగితం ఇస్తే దాన్ని ఎవరు చదువుతారు, ఎవరు సంతకం పెడతారు?

ముందు జబ్బు సంగతి. లింఫోమా అంటే మన ఒంట్లో రోగాలతో పోరాడే లింఫ్ గ్రంథులకు, ఆ కణాలకు వచ్చే క్యాన్సర్. మెడలోనో, చంకలోనో, గజ్జల్లోనో నొప్పిలేని గడ్డ కనిపిస్తుంది. కొందరికి సాయంత్రాలు జ్వరం, రాత్రిళ్లు జాకెట్టు తడిసేంత చెమట, బరువు తగ్గడం. ఈ లక్షణాలన్నీ టీబీకీ ఉంటాయి. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి కొందరికి ముందు ఆ మందులే మొదలుపెడతారు, నెలలు గడిచిపోతాయి. గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేస్తేగాని అసలు సంగతి తేలదు. నొప్పి లేదు కదా అని ఊరుకునే అలవాటు మనకెలాగూ ఉంది. ఇందులో హాడ్జ్‌కిన్ అనే రకం పెళ్లీడు పిల్లలకి, పాతికేళ్ల తల్లులకి కూడా వస్తుంది. అలాంటప్పుడు ఇంట్లో వాళ్లు జబ్బుకి ఎంత భయపడతారో, నలుగురికీ తెలుస్తుందని అంతకంటే ఎక్కువ భయపడతారు.

కార్-టి చికిత్స మందులు పనిచేయనివాళ్ల కోసం, తగ్గి మళ్లీ తిరగబెట్టినవాళ్ల కోసం. రోగి రక్తంలోంచే టి కణాలు తీసి, ప్రయోగశాలలో వాటి జన్యువులు మార్చి, క్యాన్సర్ కణం మీదుండే సీడీ19 అనే గుర్తును పట్టుకునేలా తయారుచేస్తారు. వాటి సంఖ్య పెంచి తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. మన సైనికులకే శత్రువు ఫొటో చూపించి పంపినట్టు. 2021 జూన్‌లో తొలి రోగికి ఇచ్చారు. 2025లో లాన్సెట్ హెమటాలజీ పత్రికలో వచ్చిన వివరాల ప్రకారం రెండు దశల్లో 64 మంది చేరారు. లెక్కకు వీలైన 51 మందిలో 37 మందికి జబ్బు పూర్తిగానో, కొంతవరకో తగ్గింది. అంటే 73 శాతం. తగ్గినవాళ్లలో కొందరికి మళ్లీ వచ్చింది. చికిత్స వల్లనే ఇద్దరు చనిపోయారు. మన పేపర్లలో 73 పెద్దక్షరాల్లో వచ్చింది, ఇద్దరు చివరి పేరాలో ఉన్నారు. సంతకం పెట్టేవాళ్లకి మాత్రం రెండూ ఒకే సైజులో కనబడాలి.

ప్రయోగం అనగానే "మనల్ని ఎలుకల్లా వాడుకుంటారు" అనేస్తాం. అది పూర్తిగా నిజం కాదు. ఇవాళ లింఫోమా రోగులకు మామూలుగా ఇచ్చే రిటుక్సిమాబ్ కథ చూడండి. ఫ్రాన్స్ వైద్యుల ఆధ్వర్యంలో 60 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 399 మంది రోగులను చీటీలు వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి అప్పటిదాకా వాడుతున్న మందులు, రెండో జట్టుకి అవే మందులతోపాటు రిటుక్సిమాబ్. 2002లో ఫలితాలు ప్రచురించారు. రెండేళ్ల తర్వాత మొదటి జట్టులో 57 శాతం, రెండో జట్టులో 70 శాతం బతికి ఉన్నారు. గమనించండి, మొదటి జట్టువాళ్లని మందు లేకుండా వదిలెయ్యలేదు. అప్పటికి ఉన్న మంచి వైద్యమే వాళ్లకీ చేశారు. "చీటీలో నాకు పాత మందు వస్తే ఎలా?" అని అడిగేవాళ్లకి ఇది జవాబు. ఆ తర్వాత 2007లో మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ సంస్థ దాన్ని పోలిన మందును రెడిటక్స్ పేరుతో తక్కువ ధరకు తెచ్చింది. ముక్కూమొహం తెలియని ఆ 399 మంది చేరబట్టే మన ఊళ్లో ఒక మేనత్తకో, పిన్నికో ఆ సెలైన్ ఎక్కుతోంది.

మరి భయం ఎక్కడినుంచి వచ్చింది? ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకాలు వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. మరణాలకి టీకాకి సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. ఆ టీకా మంచిదే, ఇవాళ ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. తప్పంతా సంతకాల దగ్గర జరిగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చదివితే కడుపు తరుక్కుపోతుంది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల, హెడ్మాస్టర్ల సంతకాలు! కన్నతల్లికి కబురే లేదు. మన రాష్ట్రంలో ఆడపిల్ల ఒంటికి సంబంధించిన కాగితం మీద ఎవరో ఒకరు గీకేస్తే సరిపోయిందన్నమాట.

ఆ గొడవల తర్వాతే చట్టం కాస్త గట్టిపడింది. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2019 నాటి నియమాలు. ప్రయోగంలో చేరినవాళ్లకి దానివల్ల ఏ హాని జరిగినా ఉచితంగా వైద్యం చేయాలి. మరణిస్తే, వైకల్యం వస్తే పరిహారం ఇవ్వాలి. ఇందులో గృహిణులకు నచ్చే విషయం ఒకటుంది. పరిహారం లెక్కలో జీతం అనే మాటే లేదు. ఎనిమిది లక్షల మూల మొత్తం, వయసు, జబ్బు తీవ్రత... ఇవే కొలతలు. "ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, సంపాదనేముంది" అనే లెక్క ఇక్కడ చెల్లదు. నచ్చని విషయమూ అందులోనే ఉంది. జబ్బు ముదిరి ఇక ఆర్నెల్లకు మించి బతకరనుకున్నవాళ్లకి ఆ మొత్తం సగమైపోతుంది. చావుకి దగ్గరగా ఉన్నవాళ్ల ప్రాణం చవక అని ఏ లెక్కల మాస్టారు తేల్చాడో! తిరగబెట్టిన లింఫోమాతో ప్రయోగంలో చేరేవాళ్లలో ఇలాంటివాళ్లు కూడా ఉంటారు. వాళ్లు తెగించి చేరినందుకు విలువ పెరగాలిగాని తరగడమేమిటి?

ప్రయోగాన్ని అనుమతించే నైతిక సంఘంలో కనీసం ఏడుగురు ఉండాలి. అందులో ఒక న్యాయనిపుణుడు, ఒక సామాన్యుడు, ఒక స్త్రీ తప్పనిసరి. సగంమంది ఆ ఆసుపత్రికి సంబంధంలేనివాళ్లు కావాలి. స్త్రీ ఒక్కరే చాలనడం నాకు సబబుగా లేదు. మహిళా వార్డుల గురించి, గర్భం గురించి, పాలిచ్చే తల్లుల గురించి తీర్మానించేచోట ఒక్క కంఠం ఏ మూలకొస్తుంది?

ఇక ఇంటి సంగతి. మాకు తెలిసిన ఒకావిడ తిరగబెట్టిన లింఫోమాతో పొరుగు రాష్ట్రంలోని ఒక ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరు కాగితాలు వాళ్లబ్బాయి చేతిలో పెట్టాడు. అబ్బాయి తండ్రికిచ్చాడు. "అమ్మకెందుకు, కంగారు పడుతుంది" అని ఇద్దరూ కారిడార్‌లో మాట్లాడుకున్నారు. ఆవిడ ముప్ఫయ్యేళ్లు ఆ ఇంటి పాల లెక్కలు, చీటీల లెక్కలు, పిల్లల ఫీజుల లెక్కలు చూసిన మనిషి. కాగితం చదవలేకపోయేదా? ప్రేమతోనే చేశారు, కాదనను. కాని నియమం ప్రకారం స్పృహలో ఉండి, అర్థం చేసుకోగల రోగి బదులు భర్తగాని కొడుకుగాని సంతకం చేయకూడదు. చదువురాకపోతే సంబంధంలేని ఒక సాక్షి మొదటినుంచి చివరిదాకా పక్కన ఉండి వినాలి. నిస్సహాయులైన రోగుల మీద సరికొత్త మందులు పరీక్షిస్తే ఈ మాటలన్నీ వీడియో తీయాలి కూడా.

ఆ కాగితంలో ఆడవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఉంటాయి. ఇలాంటి ప్రయోగాల్లో సాధారణంగా గర్భిణులను, పాలిచ్చేవాళ్లను చేర్చుకోరు. చేరినవాళ్లు ఇన్ని నెలలు గర్భం రాకుండా జాగ్రత్తపడాలని రాస్తారు. కీమోథెరపీ వల్ల కొందరికి పిల్లలు పుట్టే అవకాశం తగ్గుతుంది. చికిత్సకు ముందే అండాలు దాచుకునే వీలు ఉందేమో అడగాలి, తర్వాత అడిగి లాభం లేదు. పెళ్లికాని పిల్లనైతే ఈ ప్రశ్నలు అడగడానికి తల్లి కూడా సంకోచిస్తుంది. అత్తగారు పక్కన కూర్చుంటే కోడలు నోరు మెదపదు. కాసేపు అందరినీ బయటికి పంపమని డాక్టరును అడగడం తప్పేమీ కాదు.

డబ్బు సంగతి కూడా విప్పి చెప్పించుకోవాలి. ప్రయోగంలో మందు ఉచితమే కావచ్చు. స్కానింగులు, ఊరుగాని ఊళ్లో అద్దెగది, తోడుండే మనిషి పోగొట్టుకునే కూలి ఎవరు భరిస్తారు? ప్రయోగం ముగిశాక మందు మేలుచేస్తుంటే, వేరే దారి లేకపోతే, వైద్యుడి సిఫారసుతో, నైతిక సంఘం ఆమోదంతో దాన్ని ఉచితంగా కొనసాగించే వీలు 2019 నియమాల్లో ఉంది. అది రాతలో ఉందో లేదో ముందే చూసుకోండి. 40 లక్షలు ఇల్లమ్మినా రాని సంసారాలకి ఇది చిన్న విషయం కాదు.

ప్రయోగం నిజంగా అనుమతి పొందిందో కాదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ అన్నీ 2009 నుంచి జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాల్సిందే. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు, ఇంట్లో కాలేజీ పిల్లలుంటే రెండు నిమిషాల పని. నమోదు నంబరు చెప్పలేని డాక్టరు దగ్గర ఆగక్కర్లేదు. చేరాక కూడా ఎప్పుడైనా మానేయొచ్చు, మానేసినందుకు మామూలు వైద్యం ఆపకూడదు. సంతకమైన కాగితం ప్రతి ఒకటి రోగికి ఇచ్చి తీరాలి. నైతిక సంఘం ఫోన్ నంబరు అందులోనే ఉంటుంది. అది కొడుకు బ్రీఫ్‌కేసులో కాదు, ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉండాలి.