బీపీ మాత్రలన్నీ ఒకటి కావు

నడిస్తే ఆయాసం వస్తోందని బీపీ ఉన్న మనిషి చెప్పగానే చుట్టూ ఉన్నవాళ్లు వయసు మీద పడిందంటారు, లేదంటే బరువు పెరిగావంటారు. రోజూ పొద్దున్నే వేసుకునే మాత్ర వైపు ఎవరూ వేలు చూపించరు. బీపీ మాత్ర బీపీ సంగతి మాత్రమే చూసుకుంటుందనీ, ఏ రకమైనా ఒకటేననీ మనలో పాతుకుపోయిన నమ్మకం. పాత చీటీ చూపించి మందుల షాపులో ఏళ్ల తరబడి అదే బిళ్ల కొనుక్కునే ధైర్యం అక్కణ్నుంచే వస్తోంది. ఈ నమ్మకం తప్పు. ఉబ్బసం ఉన్నవాళ్ల విషయంలో ప్రమాదకరమైన తప్పు.

గుండె వేగాన్ని నడిపే బీటా గ్రాహకాల్లాంటివే శ్వాసనాళాల్లోనూ ఉన్నాయి. వాటి పని నాళాలను వదులుగా ఉంచడం. 1960లలో జేమ్స్ బ్లాక్ కనిపెట్టిన ప్రొప్రనలాల్ గుండెలోనివాటితో పాటు వీటినీ మూసేస్తుంది. ఇలా బీటా గ్రాహకాలను మూసే మందులనే బీటా బ్లాకర్లు అంటారు. ఎందరో గుండె రోగులకు మేలు చేసిన మందు అది. ఉబ్బసం రోగికి మాత్రం ప్రాణం మీదికి తేగలదు. పైగా బీపీకే కాదు, మైగ్రేన్‌కీ, చేతుల వణుకుకీ, కంగారుకీ కూడా దాన్ని రాస్తారు.

వేగంగా నడిచేటప్పుడు నోటితో పెద్ద పెద్ద ఊపిర్లు తీస్తాం. శ్వాసనాళాల లోపలి తడి ఆరిపోతుంది, హిస్టమిన్ లాంటి రసాయనాలు విడుదలవుతాయి, ఉబ్బసం తత్వం ఉన్నవాళ్లకు నాళాలు బిగుసుకుంటాయి. నడక ఆపిన కొద్ది నిమిషాలకు ఛాతీ పట్టేస్తుంది, పిల్లికూతలు వస్తాయి. సాధారణంగా గంటలోపు సర్దుకుంటుంది కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఛాతీలో ఏమీ వినపడదు. రోగి కూడా చెప్పడం మరిచిపోతాడు. ఆ సమయంలో ఆదుకోవలసిన సాల్బుటమాల్ పంపు పనిచేసేది సరిగ్గా ఆ బీటా గ్రాహకాల మీదే. వాటిని మాత్ర ముందే మూసేసి ఉంటే పంపు ఎన్నిసార్లు నొక్కితే ఏం లాభం?

అటెనలాల్, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ గుండెనే ఎంచుకుని పనిచేస్తాయి కదా అని కొందరు వాదిస్తారు. అది సగం నిజం. మోతాదు పెరిగేకొద్దీ ఆ ఎంపిక సడలిపోతుంది. మన దగ్గర ఆమ్లోడిపిన్, అటెనలాల్ ఒకే బిళ్లలో కలిపి అమ్ముతారు. తాను మింగుతున్నది రెండు మందులని చాలామందికి తెలియదు. కంటిలో వేసే టిమొలాల్ చుక్కలు కూడా ఈ జాతివేనని ఎంతమందికి చెబుతున్నారు?

అలాగని బీపీ మందులన్నిటికీ భయపడటం ఇంకో తప్పు. ఆమ్లోడిపిన్ శ్వాసనాళాలను బిగించదు. టెల్మిసార్టన్ కూడా అంతే. 2017లో మొదలై తొలి విడతలోనే తెలంగాణను కలుపుకున్న రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఆధారపడింది ప్రధానంగా ఇలాంటి మందుల మీదే. రామిప్రిల్, ఎనలాప్రిల్ కొందరికి పొడి దగ్గు తెస్తాయి. అది ఉబ్బసం కాదు. అయినా అలా పొరబడి పంపు అంటగడితే రోగికి ఖర్చు తప్ప దగ్గు తగ్గదు.

కాబట్టి బీపీకి మందు రాసే ప్రతి డాక్టరూ ముందు రెండు ప్రశ్నలు అడగాలి: పరుగెత్తినా, మెట్లెక్కినా తర్వాత పిల్లికూతలు వస్తాయా? చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదా? అడగకపోతే మీరే చెప్పండి. వాడుతున్న మందుల అట్టలన్నీ, కంటి చుక్కలతో సహా, తీసుకెళ్లి చూపించండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి: ఇది చదివి బీటా బ్లాకర్ మాత్రను సొంతంగా, ఒక్కసారిగా ఆపొద్దు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు అలా ఆపితే గుండెపోటు రావచ్చు. మాత్ర మార్చవలసింది డాక్టరే.