ఇంటి సొగసు – అప్పుల పూత

ఇంటిని చూచి ఇల్లాలిని చూడవలెనని లోకోక్తి. ఈ మాటకు వెరచియే మన మధ్యతరగతి గృహస్థులు పెండ్లికిని గృహప్రవేశమునకును ముందు అప్పుచేసి గోడలకు రంగులు పూయించుచున్నారు. చుట్టములు చూచి పోవుదురు. వడ్డీ మాత్రము ఇంటనే కాపురముండును.

ఈ దురాచారము ఎచ్చటనైనను హానికరమే. అనంతపురపు మెట్టసీమలో మరింత హానికరము. నైరుతి మేఘములు పడమటి కనుమలపైననే కురిసి వట్టివై ఇటు వచ్చును. తూర్పు సముద్రము దూరము. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే ఈ సీమకు ఆధారము. వేరుసెనగ ఒక యేడు పండును, ఒక యేడు ఎండును. నిలుకడలేని రాబడిపై నిలుకడగల వడ్డీని మోపుట వివేకమా?

పోనీ, ఆ యప్పుతో సుఖమైనను కలుగుచున్నదా? కాంక్రీటు కప్పు పగలెల్ల ఎండను త్రాగి రాత్రియెల్ల క్రక్కుచుండును. దానిక్రింద పడమటి గోడకు పెద్ద అద్దపు కిటికీ, నేలకు మెరుగుపలకలు, మూలను ప్లాస్టిక్ పూలు! తలమీద కప్పు కాలుచుండగా గోడకు గులాబిరంగు పూయుట జ్వరితునకు పట్టుబట్ట కట్టుటవంటిది.

ఈ సీమలో గృహాలంకారము కప్పుతో ఆరంభము కావలెను. ఫాల్గుణమాసమున కప్పును ఊడ్చి కడిగి, ముందురాత్రి నానవేసిన సున్నమును గుడ్డతో వడగట్టి, కొంచెము జిగురు కలిపి రెండు పూతలు పూయుడు. సున్నము కంటబడకుండ జాగ్రత్త వహింపుడు. తెల్లని కప్పు ఎండను వెనుకకు త్రిప్పివేయును, క్రింది గది వేడి తగ్గును. వానకు కొట్టుకొనిపోయినచో మరుసటి యేడు మరల పూయవచ్చును. అందుల కప్పు అక్కరలేదు. ఇది పల్లెటూరి ఛాదస్తమని నవ్వువారు, తెలంగాణ ప్రభుత్వము 2023 లో చల్లని కప్పులకొరకు ప్రత్యేక విధానమునే ప్రకటించెనని తెలిసికొందురు గాక.

ఇక గోడలు. లేపాక్షి వీరభద్రాలయములో 16వ శతాబ్దినాటి చిత్రములను చూడుడు. సున్నపు పూత, ఎరుపు, పసుపు, నలుపు మొదలగు రంగులు, ఇంతే సామగ్రి. విజయనగరపు శిల్పులకు చాలిన రంగులు మన నడవకు చాలవా? తెల్లని గోడకు అడుగున జేనెడు ఎర్రమన్ను పట్టె తీర్చినచో కన్నులకు చల్లన, చేతికి చౌక. నేలకు తాడిపత్రి నల్లబండలు గలవు. దగ్గరిది చులకనయగుటచేత వానిని కాదని దూరదేశపు పలకలకు పరుగెత్తుచున్నాము.

దీపమునకు ధర్మవరము చెంత నిమ్మలకుంట గలదు. 2022 లో జిల్లా రెండుగా చీలినను సీమ ఒక్కటియే గదా! అచ్చటివారు మేకతోలును కాంతి పారునంత పలుచగా గీకి, రంధ్రములు తొలిచి, రంగులు దిద్ది బొమ్మలు చేయుదురు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020 లో పద్మశ్రీ లభించినది. తెరముందు కూర్చుండు జనము తగ్గినందున వారిప్పుడు దీపపు గుల్లలును చేయుచున్నారు. అట్టిదొకటి గదిలో వ్రేలాడిన, వేరు అలంకారమేల? తోలు మైలయని ముక్కు మూసికొనువారు భజనమందిరమున మృదంగము దేనితో మూసియున్నదో ఆలోచింతురు గాక. కొనునపుడు గీచిగీచి బేరమాడుటయు తగదు. పనివాని కడుపుకొట్టి సమకూర్చిన సొగసు సొగసు కాదు.

ఇట్లు వ్రాయుట పాతయిండ్లకు మరలిపొమ్మనుట యని కొందరు తలపవచ్చును. అట్లు కాదు. మట్టిమిద్దె వేసవిని చల్లగానుండుట నిజమే. అయినను ఆ యింటిని పేడతో అలుకుచు, అందుల కవసరమగు నీటిని దూరమునుండి మోసినదెవరు? వెలుతురులేని వంటింట పొగలో దగ్గినదెవరు? ఆ యాడుదాని చాకిరిని ప్రాచీనశోభ యని కవిత్వము చెప్పుటయు, పూర్వపు అన్యాయమును మరల పొగడుటయే. కావున సంస్కారప్రియులైన గృహస్థులకు నేను చెప్పు నియమము సులభము: ఇల్లాలికి పని పెంచునదియు, త్రాగునీటిని హరించునదియు, అప్పు తెచ్చునదియు ఈ సీమకు అలంకారము కానేరదు. చేతనున్న మొదటి రూకలతో వంటింటికి కిటికీ పెట్టించి పొగ పోవు దారి చేయుడు. అటుపిమ్మట కప్పునకు సున్నము, తరువాత గోడ. గిన్నెలు కడిగిన నీటిని పడమటి దిక్కున వేపమొక్కకో మునగమొక్కకో మళ్లింపుడు. కొన్నియేండ్లకు ఆ నీడయే తెర యగును.

గృహప్రవేశమునకు వచ్చు చుట్టము ఒకపూట చూచి పోవును. ఆ కప్పు క్రింద మాత్రము వైశాఖపు రాత్రులందు పసిబిడ్డ నిద్రింపవలసియున్నది. ఖర్చు ఎవరికొరకో యజమానులు అప్పుపత్రముపై చేవ్రాలు చేయుటకు ముందే నిశ్చయించుకొనవలెను.