చాంచల్యం ఎవరిది?

కోస్తా తీరంలోని సరుగుడు తోపులలో, మొగలి పొదలలో సంచరించే కుట్టుపిట్ట క్షణకాలమైనా ఒక కొమ్మపై నిలువదు. ఛాయాగ్రాహకుడు కెమెరా వేగాన్ని సెకనులో 1000వ వంతుకు పెంచినా, పలుమార్లు చిత్రంలో శూన్యశాఖయే మిగులుతుంది. అప్పుడతడు పక్షిని చంచలమని నిందిస్తాడు. ఆకుల మాటున పురుగులను వెదకడం దానికి ప్రాణధారణం, స్వధర్మం. చాంచల్యం నిరీక్షించలేని మనస్సుదే.

ఆ అసహనం నుండే అపచారం పుడుతుంది. కొందరు చరవాణిలో రికార్డు చేసిన కూతను వినిపిస్తారు. తన నెలవులోకి ప్రత్యర్థి వచ్చిందని భ్రమించిన పక్షి మేత మాని ఎదిరించడానికి వెలుపలికి వస్తుంది. మరికొందరు, ఆకులను నారతో, సాలెపట్టుతో కుట్టి అది కట్టుకొన్న గూడు స్పష్టంగా కనబడాలని అడ్డురెమ్మలను విరుస్తారు. కూనలు ఎండకు, కాకులకు బలి అవుతాయి. చేతిలో ఆయుధం లేనంత మాత్రాన ఇది అహింస అనిపించుకోదు. వంచనతో గ్రహించిన చిత్రం అస్తేయవ్రతానికీ భంగమే.

ముండకోపనిషత్తు ఒకే వృక్షంపై రెండు పక్షులను చెప్పింది. ఒకటి ఫలం భుజిస్తుంది. రెండవది కేవలం చూస్తుంది. ఛాయాగ్రహణం ఆ రెండవ పక్షి ధర్మం. పొదకు దూరంగా నిశ్చలంగా కూర్చున్నవానికి పిట్ట తానుగా కనబడవచ్చు, కనబడకపోవచ్చు. చిత్రం లభించని ఉదయాన్ని కూడా ప్రసన్నంగా స్వీకరించగలవాడే ఆ పొదను సమీపించడానికి అధికారి.