జబ్బు పన్ను కడుతున్నదెవరు?

పన్నులంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి ఆదాయపు పన్ను, జీఎస్టీ. మా ఇంట్లో మరో పన్ను కూడా కడతాం. దాని పేరు ఏ బడ్జెట్టులోనూ కనపడదు.

మా అమ్మ గుంటూరు దగ్గర ఒక షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తుంది. పోయిన వేసవిలో ఆ ఘాటుకి దగ్గు పట్టుకుని పదిహేను రోజులు మంచం పట్టింది. కూలి పోయింది, మందులకి అప్పయింది. యజమానిని అడిగితే "మేస్త్రీని అడుగమ్మా" అన్నాడు. మేస్త్రీ నవ్వి ఊరుకున్నాడు. రిజిస్టరులో అమ్మ పేరే లేదు మరి!

ఇలాంటి కష్టానికే 1948లో ఇ.ఎస్.ఐ. చట్టం వచ్చింది. యజమాని కొంత, కార్మికుడు కొంత చందా కడితే వైద్యంతోపాటు, జబ్బు రోజులకు ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనం వస్తుంది. 2019 జూలైలో యజమాని వాటాను 4.75 నుంచి 3.25 శాతానికీ, కార్మికుడి వాటాను 1.75 నుంచి 0.75 శాతానికీ తగ్గించారు. అంటే పదివేల జీతం మీద యజమానికి 150 రూపాయలు మిగిలితే, కార్మికుడికి మిగిలింది వంద.

బాగానే ఉంది. కాని ఆ లెక్కలోకి మనవాళ్ళు వస్తేగా! ప్రత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లుల్ని "సీజనల్ ఫ్యాక్టరీ" అని చట్టమే పక్కన పెట్టింది. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా సీజనల్ ఫ్యాక్టరీలను బయటే ఉంచింది. ప్రత్తి సీజనుకే గాని, ఊపిరితిత్తుల్లో చేరిన దూదికి సీజను ఉంటుందా?

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2007లో మొదలైన ఆ పథకం ఎన్నో పేద ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. కాని అది ప్రధానంగా ఆసుపత్రి ఖర్చు చూసే పథకమే. పైగా అది నడిచేది ఖజానా సొమ్ముతో. సబ్బు కొన్నప్పుడల్లా మా అమ్మా ఆ ఖజానాకి కడుతూనే ఉంది.

చందా వేస్తే ఆ మేరకు కూలి తగ్గిస్తామని యజమానులంటారు. అందులో కొంత నిజముంది, ఏ భారమైనా చివరికి కిందికే జారుతుంది. అందుకే భారాన్ని మనిషి తల మీద కాక సరుకు మీద వెయ్యమంటాను. బీడీల మీద 1976 చట్టంతో సెస్సు వేసి కార్మికుల ఆసుపత్రులు నడిపారు, 2017లో జీఎస్టీ వచ్చి దాన్ని రద్దు చేసింది. మిరప టిక్కీకి, ప్రత్తి బేలుకి అలా కొద్దిపాటి సెస్సు, రైతు దగ్గర కాకుండా కొనే వ్యాపారి దగ్గర వసూలు చెయ్యలేమా?

సోదర విద్యార్థులారా! రేపు మనలో కొందరు ఆఫీసర్లవుతారు, కొందరు మిల్లు యజమానులవుతారు. ఆనాడు మీ రిజిస్టరు తెరిచినప్పుడు, అందులో లేని పేర్లెన్నో ఒక్కసారి లెక్కపెట్టండి. జబ్బు పన్ను మొత్తం ఈనాడు కడుతున్నది వాళ్ళే.