ఏ రోజు బలం ఆ రోజుకే

 

శోధన అనగానే మనకు యోబు భక్తుడు గుర్తుకొస్తాడు. ఒక్క రోజులో పశువులు, పనివారు, కన్నబిడ్డలు పోయిన మనిషి. లేదంటే అగ్నిగుండం, సింహాల గుహ. వీటి మీద ప్రసంగాలు ఎన్ని విన్నామో లెక్కలేదు. అయితే మన ఇళ్ళలో విశ్వాసాన్ని అరగదీసేవి ఇంత పెద్దవి కావు. సోమవారం కట్టాల్సిన డ్వాక్రా వాయిదా. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వంట చేసి, క్యారేజీ కట్టుకుని మిరపకాయల కోతకు ఆటో ఎక్కడం. మంచం పట్టిన అత్తగారు, ఉద్యోగం రాని కొడుకు, ఎన్ని మాత్రలు వేసినా దిగని షుగరు. విడివిడిగా చూస్తే ఏదీ సాక్ష్యం చెప్పుకునేంత పెద్దది కాదు. అందుకే ఎవరితోనూ చెప్పుకోరు. మరునాడు మళ్ళీ అవే ఎదురొస్తాయి. బావి గట్టు రాయిని ఎవరూ సుత్తితో కొట్టరు, చేంతాడు రాసుకుని రాసుకుని గాడి పడుతుంది. మన ఆత్మీయ జీవితం బలహీనపడేది ఎక్కువగా అలాగే.

అలా అలసిపోయి ఒక ఆదివారం మందిరానికి రాని సహోదరి గురించి మన మధ్య వినిపించే మాట ఒకటుంది: "విశ్వాసం తగ్గింది, ప్రార్థన లేదు." మేము సూటిగానే చెబుతున్నాం, చాలాసార్లు ఈ మాట అన్యాయం. జ్వరంతో పడుకున్నవాణ్ణి సోమరి అన్నట్టుంటుంది.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం ఒకసారి నిదానంగా చదవండి. కర్మెలు కొండ మీద ఆకాశం నుండి అగ్ని దింపిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు విని బెయేర్షెబా దాటి అరణ్యంలోకి పారిపోయాడు. చెట్టు కింద కూర్చుని తన ప్రాణం తీసేయమని దేవుణ్ణే అడిగాడు. ఆ స్థితిలో ఉన్న ప్రవక్తకు దేవుడు ముందుగా పంపింది ప్రసంగం కాదని గమనించండి. ఆయనను నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తలదగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళ బుడ్డి ఉన్నాయి. తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారీ దూత లేపి తినమన్నాడు. ఆ తిండి బలంతో నలభై పగళ్ళు, నలభై రాత్రులు నడిచి హోరేబు చేరాడు. "ఇక్కడేం చేస్తున్నావు" అన్న ప్రశ్న అక్కడికి చేరాకగానీ రాలేదు. దేవుడే ముందు అన్నం పెట్టి తరువాత మాట్లాడితే, మనం అన్నం మాటెత్తకుండా వాక్యం వినిపించడానికి తొందరపడుతున్నాం.

మన్నా సంగతి కూడా ఆలోచించండి. తలకు ఒక ఓమెరు చొప్పున ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. రేపటికని దాచినవారి గిన్నెల్లో పురుగులు పట్టి కంపు కొట్టింది. మనలో కొందరం బలాన్ని అలాగే దాచుకోవాలని చూస్తాం. ఏడాదికోసారి మూడు రోజుల ఉజ్జీవ సభలకు వెళ్ళి, కన్నీళ్ళతో ప్రార్థించి, సంవత్సరానికి సరిపడా తెచ్చుకున్నాం అనుకుంటాం. సభలు మంచివే, వెళ్ళండి. మేమూ వెళతాం. కానీ నెల తిరగకముందే ఆ వేడి చల్లారితే "నేను పడిపోయాను" అని కుమిలిపోకండి. అది దాచుకోవడానికి ఇచ్చింది కాదు. ఇంకో మాట. ఆరో రోజున రెండింతలు దొరికింది, దాచినా చెడలేదు. విశ్రాంతిదినానికి కావలసింది కూడా దేవుడు లెక్కగట్టే ఇచ్చాడు. కాబట్టి అలసినవారు పడుకోవడం పాపమేమీ కాదు.

మన ఒంగోలు ప్రాంతపు సంఘాల చరిత్ర చెప్పేవారు 1878 జూలై 3 గురించి తప్పక చెబుతారు. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చెప్పుకోదగ్గ రోజే. కానీ దానికి ముందు గడిచిన రోజుల గురించి మనం ఎక్కువగా చెప్పుకోం. ధాత కరువులో జనం ఆకలికి చచ్చిపోతుంటే, మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. మన తెలుగు బోధకులే ఆ ముఠాలకు మేస్త్రీలు. పని మధ్య కాస్త నీడన కూర్చున్నప్పుడు కూలీలకు యేసయ్య సంగతులు చెప్పేవారు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కరువు కాలంలో బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపారు. అంటే ఆ జనం నెలల తరబడి మట్టి తట్టలు మోస్తూ, ఏ రోజు కూలి ఆ రోజు తింటూ, ఏ రోజు విన్నది ఆ రోజు నెమరేసుకుంటూ నిలబడ్డారు. గుండ్లకమ్మ నీళ్ళలోకి దిగిన విశ్వాసానికి కాలువ గట్టు మీదే కాళ్ళు వచ్చాయని మా నమ్మకం.

ఇక్కడ రెండు మాటలు కఠినంగానే చెప్పాలి. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు మానేయడం విశ్వాసం కాదు. హిజ్కియా రాజు కోసం ప్రార్థన విన్న దేవుడే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. రెండోది, తాగి వచ్చి చేయి చేసుకునే భర్తను "నీకు వచ్చిన శోధన, ఓర్చుకో" అని ఏ చెల్లెమ్మకూ చెప్పకండి. అది ఆ మనిషి చేస్తున్న పాపం. పాపాన్ని ఓర్చుకోమని వాక్యం ఎక్కడా చెప్పలేదు. ఆ ఇంటికి పెద్దలు వెళ్ళాలి, అవసరమైతే ఆమెను పుట్టింటికో స్టేషనుకో వెంటబెట్టుకుని తీసుకెళ్ళాలి.

మరి జవాబు రాని ప్రార్థనల మాటేమిటి? పౌలు తన ముల్లు గురించి మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. దాన్ని మోయడానికి కృప మాత్రం దొరికింది. చివరి రోజుల్లో చెరసాల నుండి తిమోతికి రాస్తూ త్రోయలో వదిలిన అంగీ, పుస్తకాలు తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. అంత గొప్ప అపొస్తలుడు నాకు చలి ఉంది, తోడు కావాలి అని దాచకుండా అడిగాడు. 88వ కీర్తన చూడండి, చీకటి మాటతోనే ముగిసిపోతుంది. ఎక్కడా స్తోత్రం అన్న మలుపు లేదు. అయినా దేవుడు దాన్ని మన ప్రార్థనల పుస్తకంలో ఉండనిచ్చాడు.

మన సాక్ష్యాల సమయంలో మాత్రం అలాంటివారికి చోటు లేదు. అప్పు తీరినవారు, జబ్బు తగ్గినవారు, సీటు వచ్చినవారు లేస్తారు. ఇంకా తీరనివారు తల దించుకుని కూర్చుంటారు, కొన్నాళ్ళకు రావడమే మానేస్తారు. అందుకే పెద్దలతో మాట్లాడి ఒక నిర్ణయానికి వచ్చాం. వచ్చే ఆదివారం నుండి "ఇంకా జవాబు రాలేదు, అయినా ఈ వారం ఇలా గడిచింది" అని చెప్పాలనుకునేవారు కూడా లేచి చెప్పవచ్చు. మధ్యలో ఎవరూ సలహాలివ్వరు. ఆ వారమంతా పక్క వీధిలోని ఒక కుటుంబం వారి కోసం ప్రార్థిస్తుంది, ఒకసారి ఇంటికి వెళ్ళి పలకరిస్తుంది.

ఇంకొకటి. మిరప కోతలు అయ్యేవరకు గురువారం కూడిక రాత్రి ఏడున్నరకు మారుస్తున్నాం. పొలం నుండి వచ్చి వంట చేసుకునే ఓపిక లేనివారు అలాగే వచ్చేయండి. మందిరంలో అన్నం, పప్పుచారు ఉంటాయి. ముందు తిందాం, తరువాత వాక్యం చదువుకుందాం.