లంగరు బరువా? బలమా?

ఆంగ్లంలోని 'యాంకర్' అనే పదం నేడు ఓడరేవులలో కన్న మన ఇండ్లలోనే ఎక్కువగా వినిపిస్తున్నది. టెలివిజన్‌లో కార్యక్రమాన్ని నడిపించే వ్యక్తి యాంకర్. క్రికెట్‌లో ఒక వైపు వికెట్టు పడకుండ నిలిచి ఆడే బ్యాట్స్‌మన్ కూడ యాంకరే. తాను నిలిచి ఇతరులను నిలుపుట ఈ లక్ష్యార్థాలకు మూలం.

గ్రీకులో పుట్టిన ఈ మాట లాటిన్ ద్వారా ఆంగ్లానికి చేరింది. మన 'లంగరు' పారశీక పదం. ఉర్దూకూ తెలుగుకూ ఉమ్మడి సొత్తు. దర్గాలలో, గురుద్వారాలలో వచ్చినవారందరికీ అన్నం పెట్టే వంటశాలను కూడ లంగరే అంటారు. ఓడను ఆపే ఇనుముకూ, ఆకలిని ఆపే అన్నానికీ ఒకే పేరు అమరడం ఎంత సొగసు!

మాతృభాష లంగరువంటిదని అంటే కొందరు విద్యార్థులు నవ్వుతారు. "లంగరు ఓడను కదలనీయదు కదా! ఇంగ్లీషు వస్తే చాలదా?" అంటారు. వారు లంగరును పశువుల గుంజగా భావిస్తున్నారు. గుంజ ఉన్నచోటనే ఉంటుంది; లంగరు ఓడతోపాటే దేశాలు తిరుగుతుంది. విశాఖ తీరాన నిలబడి చూస్తే రేవులో చోటు కొరకు లంగరు వేసుకొని వేచివున్న ఓడలు కనిపిస్తాయి. అవన్నీ దూరప్రయాణం చేసినవే.

మరొక విశేషం గమనింపదగినది. లంగరు కేవలం తన బరువుచేతనే ఓడను ఆపదు. దాని కొక్కెం అడుగునేలలో గుచ్చుకోవాలి. అందుకు గొలుసు నేలవెంట పడుకొని అడ్డంగా లాగాలి. కనుకనే నావికులు నీటిలోతుకు మూడు నుండి ఏడు రెట్ల గొలుసు వదలుతారు. గాలి పెరిగితే ఇంకను వదలుతారు. గొలుసు కురుచయైతే లాగుడు పైకి సాగి లంగరు ఊడిపోతుంది. ఓడను తుఫాను ఈడ్చుకొనిపోతుంది.

మాతృభాషలో సంతకం చేయడం, గోడమీది ప్రకటన చదవడం వస్తే చాలుననుకొనుట కురుచ గొలుసును నమ్ముకొనుటయే. మార్కుల లెక్క చూచి ద్వితీయ భాషను ఎన్నుకొని, పరీక్ష ముగియగానే మరచేవారి స్థితి కూడ ఇదే. ఎంత దూరం పోదలచినవారికి అంత పొడవైన గొలుసు అవసరం.

కళాశాల పాలకవర్గానికి నా మనవి ఒక్కటే. సైన్సు, కామర్సు విద్యార్థుల భాషా పీరియడ్లను తగ్గించవద్దు. ప్రతి విద్యార్థీ ఏటా ఒక వ్యాసమైనా ఉర్దూలోగాని తెలుగులోగాని స్వయంగా వ్రాయునట్లు చూడండి. ఉర్దూవారు తెలుగును, తెలుగువారు ఉర్దూను కొంతైనా నేర్వాలి. విద్యార్థులారా, ఇంగ్లీషు తెరచాప ఎత్తండి. లంగరును మాత్రం ఒడ్డున వదలి పోకండి.